పదికి తొమ్మిది వేసినవాళ్లు ఏ మెషీన్ మీద ఆడారు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కాకినాడ. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర దాటింది. జీతంలో కొంత పక్కన పెట్టుకుని ఏడాదికి రెండో మూడో పెద్ద గేమ్‌లు కొనుక్కుంటాను, నాకున్న సరదా అదొక్కటే. 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్'కి పేరున్న సైట్లన్నీ ఎనిమిదిన్నర, తొమ్మిది వేశాయని చూసి విడుదలైన వారమే కొన్నాను. నా పీసీలో జీటీఎక్స్ 1660 గ్రాఫిక్స్ కార్డు ఉంది. గేమ్ ఆగి ఆగి నడిచింది. గేమ్ కొన్న ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో చూస్తే జనం తిట్టిపోస్తున్నారు. సెట్టింగ్స్ మార్చుకుంటూ కూర్చునేసరికి రీఫండ్ టైమ్ కూడా దాటిపోయింది. అంతకుముందు 'ఎల్డెన్ రింగ్' మాస్టర్‌పీస్ అన్నారు. చచ్చినప్పుడల్లా సంపాదించుకున్నదంతా పోతుంటే విసుగొచ్చి మధ్యలోనే వదిలేశాను. 'స్టార్‌ఫీల్డ్' బోరు అన్నారు. అందులో రాత్రి భోజనం అయ్యాక కూర్చుని అంతరిక్ష ఓడలు కట్టుకోవడం నాకు ప్రాణం. నీకసలు గేమ్ టేస్టే లేదని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. రివ్యూలు రాసేవాళ్లు కంపెనీల దగ్గర డబ్బులు తీసుకుంటారా? యూట్యూబ్‌లో ఒకరు అద్భుతం అంటే ఇంకొకరు చెత్త అంటారు. ఎవరి మాట నమ్మాలి? ఇప్పుడు 'క్లేర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' కొందామనుకుంటున్నాను. దానికి అవార్డులన్నీ వచ్చాయి కాబట్టే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు

సమాధానం: తమ్ముడూ, ముందు నీ ఫ్రెండ్స్ మాట సంగతి తేలుద్దాం. నీ టేస్ట్‌కి ఏ లోటూ లేదు. ఒక గేమ్ ఎందుకు నచ్చలేదో ఒక్క వాక్యంలో చెప్పావు, ఇంకొకటి ఎందుకు నచ్చిందో కూడా ఒక్క వాక్యంలోనే చెప్పావు. రెండు వేల పదాల రివ్యూ రాసి కూడా ఇది చెప్పలేనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రెండు వాక్యాలే నీకు తర్వాత ఏం కొనాలో చెప్తాయి, వాటి దగ్గరికి మళ్లీ వస్తాను. అంతకంటే ముందు నీ డబ్బు ఎక్కడ పోయిందో చూద్దాం.

'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' 2025 ఫిబ్రవరి 28న వచ్చింది. మొదటి మూడు రోజుల్లో 80 లక్షల కాపీలు అమ్ముడైనట్టు దాన్ని చేసిన క్యాప్‌కామ్ ప్రకటించింది. విమర్శకుల సగటు 90కి కాస్త అటూ ఇటూగా ఉంది. అదే రోజు స్టీమ్‌లో 'మిక్స్‌డ్' అని కనబడింది, కొన్ని నెలలు గడిచేసరికి 'ఇటీవలి రివ్యూల' లెక్క పూర్తిగా అడుగుకి పడిపోయింది. ఇంత తేడా చూస్తే ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇక్కడ రెండు పక్కలవాళ్లూ నిజమే చెప్పారు. ఆయుధం చేతిలో బరువుగా అనిపించే తీరు, రాక్షసుల మందలు ఒకదాని మీద ఒకటి పడటం, ఎడారిలో వాతావరణం ఒక్కసారిగా మారిపోవడం లాంటివాటిని రివ్యూలు మెచ్చుకున్నాయి. అవి నిజంగానే బాగున్నాయి. జనం తిట్టింది ఎక్కువగా అది పీసీల మీద నడిచే తీరుని. రివ్యూ రాసేవాళ్ల దగ్గర పీఎస్5 గానీ ఖరీదైన పీసీ గానీ ఉంటుంది. నీ దగ్గర ఉన్నది జీటీఎక్స్ 1660.

ఇప్పుడు ఆ గేమ్ స్టోర్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చూడు. కనీసం ఉండాల్సిన కార్డుల్లో నీ 1660 ఉంది. అది చూసి హమ్మయ్య అనుకుని కొనేసి ఉంటావు. కానీ ఆ పక్కనే ఇంకో మాట ఉంది. ఆ కార్డు మీద గ్రాఫిక్స్ అన్నీ అట్టడుగు సెట్టింగ్‌లో పెడితే సెకనుకి 30 ఫ్రేములు వస్తాయి, అదీ 720పి బొమ్మని 1080పికి సాగదీస్తే. ఇంకాస్త పైన 'రికమెండెడ్' అని రాసిన కార్డులకి కూడా 60 ఫ్రేములు ఎలా వస్తాయన్నారో తెలుసా? ఫ్రేమ్ జెనరేషన్ ఆన్ చేస్తే. అంటే గేమ్ నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య కార్డు తన ఊహతో ఒకటి కల్పించి ఇరికిస్తుంది. కంటికి నున్నగా ఉంటుంది గానీ నువ్వు బటన్ నొక్కినప్పుడు చేతికి ఆ చురుకు తెలియదు. కంపెనీయే అలా రాసుకుందంటే ఈ గేమ్ ఎంత బరువో అక్కడే ఒప్పుకున్నట్టు. విడుదలకి ముందే క్యాప్‌కామ్ స్టీమ్‌లో ఒక బెంచ్‌మార్క్ కూడా ఉచితంగా పెట్టింది. దాన్ని దించుకుని నడిపితే నీ మెషీన్ మీద గేమ్ ఎలా ఉంటుందో డబ్బు కట్టక ముందే తెలిసిపోతుంది. ఇకమీదట ఏ పెద్ద గేమ్ కొనే ముందైనా బెంచ్‌మార్క్ గానీ డెమో గానీ ఉందేమో చూసుకో. ఈ ఒక్క పని ఏ సైటు ఇచ్చే మార్కు కన్నా ఎక్కువ ఉపయోగం.

ఇక డబ్బుల సంగతి. ఈ అనుమానం చాలామందికి ఉంది కాబట్టి సూటిగా చెప్తాను. కవర్లో డబ్బు పెట్టి తొమ్మిది వేయించుకోవడం అనేది పేరున్న పత్రికల్లో జరుగుతున్నట్టు నేను నమ్మను. కంపెనీల ఒత్తిడి మాత్రం నిజం, దానికి రుజువు కూడా ఉంది. 2007లో గేమ్‌స్పాట్ అనే రివ్యూల సైటులో జెఫ్ గర్స్ట్‌మన్ అనే ఎడిటర్ 'కేన్ అండ్ లించ్' అనే గేమ్‌కి పదికి ఆరు వేశాడు. అప్పుడు ఆ సైటు నిండా అదే గేమ్ ప్రకటనలు. కొన్ని రోజులకే అతని ఉద్యోగం పోయింది. ప్రకటనలిచ్చేవాళ్ల ఒత్తిడి అందులో ఉందని అతను 2012లో బయటికి చెప్పగలిగాడు. ఆ గొడవ తర్వాత పాఠకుల నమ్మకం ఎంత దెబ్బతిన్నదో పత్రికలవాళ్లకి బాగా అర్థమైంది.

ఇవాళ అంత మోటుగా చేయాల్సిన అవసరం కంపెనీలకి లేదు. గేమ్ ఎవరికి ముందుగా ఇవ్వాలి, ఏ మెషీన్ వెర్షన్ ఇవ్వాలి, రివ్యూ ఏ రోజు ఏ గంటకి బయటపెట్టాలి, వీడియోలో ఏం చూపించవచ్చు అన్న నాలుగూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. 'సైబర్‌పంక్ 2077' గుర్తుందా? 2020 డిసెంబర్ 10న విడుదల. దాన్ని చేసిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ విమర్శకులకి పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చింది, మొదట్లో వాళ్లు తాము ఆడిన వీడియో వాడుకోవడానికి కూడా వీల్లేదంది. మార్కులు 86 చుట్టూ వచ్చాయి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ లాంటి పాత మెషీన్లు ఉన్నవాళ్లు అవి చూసి కొంటే మనుషుల మొహాలు గీసుకోవడానికే టైమ్ పట్టింది, గేమ్ మాటిమాటికీ క్రాష్ అయింది. తర్వాత పీఎస్4 వెర్షన్‌ని విడిగా చూసినవాళ్లు వేసిన మార్కుల సగటు 57 దగ్గర తేలింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వెనక్కిచ్చింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఇక్కడ పీసీ మీద ఆడి రాసిన విమర్శకుడు డబ్బు తీసుకోలేదు, అబద్ధమూ ఆడలేదు. అతనికి చూపించిందే అతను చూశాడు. కొత్త మెషీన్లలో 2023 నాటి 2.0 అప్‌డేట్ తర్వాత అదే గేమ్ ఆడితే 'ఇంత మంచి గేమ్‌ని అంతలా ఎందుకు తిట్టారు' అనిపిస్తుంది. తిట్టినవాళ్లదీ న్యాయమే.

2024 మార్చిలో 'డ్రాగన్స్ డాగ్మా 2' విషయంలో ఇంకో రకం. విడుదల రోజున స్టోర్‌లో డబ్బు పెట్టి కొనుక్కునే చిన్న చిన్న వస్తువులు వరసగా ప్రత్యక్షమయ్యాయి. ముందుగా వచ్చిన రివ్యూల్లో చాలావాటిలో వాటి ఊసే లేదు. అందుకే రివ్యూ చదివేటప్పుడు మార్కు కన్నా ముందు నేను వెతికేది ఒక చిన్న వాక్యం: ఏ మెషీన్ మీద, ఎన్ని గంటలు, ఎవరిచ్చిన కాపీతో ఆడారు. మంచి పత్రికలు దీన్ని చివరనో పక్కనో కచ్చితంగా రాస్తాయి. అది లేని రివ్యూని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. విడుదలకి ముందు అన్ని మెషీన్ల మీదా రివ్యూలు రాలేదంటే నీ మెషీన్ మీద వచ్చేదాకా ఆగు. కొన్నిసార్లు అసలు ఎవరికీ ముందుగా ఇవ్వరు. 2025 సెప్టెంబర్ 4న 'హాలో నైట్: సిల్క్‌సాంగ్' అలాగే వచ్చింది. ఆ ఆస్ట్రేలియా కుర్రాళ్లది చిన్న టీమ్, వాళ్ల పాత గేమ్ మీద జనానికి గురి ఉంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక పెద్ద కంపెనీ మూడు నాలుగు వేల రూపాయల గేమ్‌కి అదే పని చేస్తే మాత్రం నేను పర్సు లోపల పెట్టుకుంటాను.

మార్కుల గురించి కూడా ఒక మాట. పదికి ఏడు అంటే మనకి బాగానే ఉంది అనిపించాలి. గేమ్‌ల లోకంలో ఏడు అంటే జనం 'పోయింది' అంటారు. మన ఇంటర్ మార్కుల్లాగే తయారైంది ఇది, తొంభై దాటకపోతే ఫెయిలైనట్టు మొహం పెడతారు. స్టూడియోల బతుకులు కూడా ఈ అంకెల మీద ఆధారపడుతున్నాయి. 2010లో 'ఫాలౌట్: న్యూ వెగాస్' చేసిన అబ్సీడియన్ స్టూడియోకి, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క పాయింట్‌తో బోనస్ పోయింది. ఆ గేమ్‌ని ఇవాళ్టికీ జనం వెతుక్కుని ఆడుతున్నారు. పైగా మెటాక్రిటిక్ సగటు మామూలు సగటు కాదు. ఏ పత్రికకి ఎంత బరువు ఇస్తారో ఆ సైటు బయటపెట్టదు. అలాంటి ఒక అంకె నీ వేల రూపాయలకి పూచీ పడుతుందని ఎలా అనుకుంటాం చెప్పు.

నీ 'స్టార్‌ఫీల్డ్' సంగతి నాకు చాలా నచ్చింది, అందుకే దాని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. 2023 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు దానికి కొందరు పదికి పది వేశారు, ఐజీఎన్, గేమ్‌స్పాట్ ఏడేసి వేశాయి. మాటిమాటికీ లోడింగ్ స్క్రీన్లు, వెయ్యికి పైగా గ్రహాలున్నా చాలావాటి మీద చూడ్డానికి ఏమీ లేకపోవడం, ఎక్కడికి వెళ్లాలన్నా మెనూలోంచి వెళ్లాల్సి రావడం వాళ్ల ఫిర్యాదులు. ఇవన్నీ ఉన్న లోపాలే. కానీ రివ్యూ రాసే మనిషి రోజు ఎలా గడుస్తుందో ఆలోచించు. అరవై గంటల గేమ్ చేతికొచ్చి వారమో పది రోజులో అవుతుంది. రోజుకి ఎనిమిది, పది గంటలు దాని ముందే. ఒక గ్రహం మీద చూసిన కట్టడమే పక్క గ్రహం మీద మళ్లీ కనిపిస్తే, దాన్ని అతను అదే మధ్యాహ్నం చూస్తాడు. నువ్వు రెండు వారాల తర్వాత చూస్తావు. అతనికి చిరాకు పుట్టించిందే నీకు పరిచయమైన చోటుకి తిరిగొచ్చినట్టు అనిపించొచ్చు. అతను కథ పూర్తి చేయాలి కాబట్టి ఓడలు కట్టే భాగంలో కాస్త వేలు పెట్టి ముందుకి పోతాడు. నీకు గేమ్ అంటే ఆ భాగమే. ఇంజిన్ ఎక్కడ బిగించాలి, ల్యాండింగ్ గేర్ సరిపోతుందా, బరువు పెరిగితే మలుపు ఎలా తిరుగుతుంది అని రాత్రి పదింటికి లెక్కలేసుకుంటూ కూర్చునే మనిషికి గ్రహాలు ఖాళీగా ఉన్నాయన్నది పెద్ద లోటు కాదు. కాబట్టి 'ఇది రిపీటెడ్‌గా ఉంది' అన్న మాట రివ్యూలో కనిపిస్తే, ఎన్ని గంటల తర్వాత, రోజుకి ఎన్ని గంటలు ఆడితే అని నీలో నువ్వు అడుగు. అది విమర్శకుడి తప్పేమీ కాదు, అతని పని అలాంటిది.

మరి జనం రాసే రివ్యూలే నమ్ముదామా అంటే, అక్కడా కళ్లు తెరుచుకునే చదవాలి. 2020 జూన్ 19న 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' వచ్చింది. గేమ్ పూర్తి చేయడానికి ఇరవై గంటలకి పైగా పడుతుంది, మొదటి కొన్ని గంటల్లోనే మెటాక్రిటిక్‌లో వేలకి వేలు సున్నాలు వచ్చిపడ్డాయి. ఆడకుండా వేసినవే ఎక్కువని వేరే చెప్పక్కర్లేదు. కథలో ఒక మలుపు ముందే లీక్ కావడంతో కోపమంతా అక్కడ కక్కారు. ఆ తర్వాతే ఆ సైటు, గేమ్ విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. నాకు ఆ కథతో పేచీలున్నాయి, ఆ పేచీల కోసం సున్నా వేసేవాళ్లంటే మాత్రం అస్సలు గౌరవం లేదు. అలాగని జనం కోపమంతా పిచ్చి కోపం కూడా కాదు. 2024 మేలో 'హెల్‌డైవర్స్ 2' ఆడే పీసీవాళ్లంతా ప్లేస్టేషన్ ఖాతా తెరవాల్సిందే అని సోనీ ప్రకటించింది. ఆ ఖాతా తెరవడానికే వీల్లేని దేశాల్లో కూడా గేమ్ అమ్మేశారు మరి. రెండు లక్షలకి పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. గేమ్ అంతకుముందు ఎంత బాగుందో అప్పుడూ అంతే బాగుంది. ఆ రివ్యూలు గేమ్ గురించి కావు, వాళ్లకి జరిగిన అన్యాయం గురించి. 'సిల్క్‌సాంగ్'కి చైనా ఆటగాళ్లు నెగెటివ్ రాశారు, కారణం చైనీస్ అనువాదం బాగోలేకపోవడం. తెలుగువాడివి, ఇంగ్లిష్‌లో ఆడతావు, నీకు దానితో సంబంధమే లేదు. 2025 ఆగస్టు నుంచి స్టీమ్ రివ్యూలు ఎక్కువున్న గేమ్‌లకి శాతాన్ని భాషలవారీగా చూపిస్తోంది, కాబట్టి నీకు కనబడేది ఏ భాషవాళ్లదో చూసుకో.

స్టీమ్‌లో 95 శాతం అంటే వందకి 95 మార్కులని చాలామంది అనుకుంటారు. వందమందిలో 95 మంది 'కొనుక్కోవచ్చు' అని బొటనవేలు పైకెత్తారని మాత్రమే దాని అర్థం. పర్లేదు అనుకున్నవాడి బొటనవేలు, ప్రాణం పెట్టినవాడి బొటనవేలు అక్కడ ఒక్కటే. అందుకే నేను ఇలా చూస్తాను. పేజీలో మొదట 'అన్ని రివ్యూలు', 'ఇటీవలి రివ్యూలు' రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండింటికీ పొంతన లేదంటే మధ్యలో ఏదో జరిగింది, అదేంటో తెలిసేదాకా కొనను. తర్వాత నెగెటివ్ ఒక్కటే తెరిచి, పది గంటలకన్నా ఎక్కువ ఆడినవాళ్లవి మాత్రమే కనిపించేలా పెడతాను. అంతసేపు ఆడి కూడా వద్దంటున్నవాడి దగ్గర చెప్పడానికి విషయం ఉంటుంది. 'వరస్ట్ గేమ్ ఎవర్' అని ఒక ముక్క రాసిన వాళ్లని దాటేసి, కార్డు పేరు, సెట్టింగ్స్ రాసినవాళ్ల దగ్గర ఆగుతాను. వెతుకుడు పెట్టెలో నీ కార్డు పేరు కొట్టి వీడియోలు చూసినా నిమిషంలో సంగతి తెలిసిపోతుంది. నీకు ఓపికుంటే 'వైల్డ్స్' గురించి నువ్వే ఒకటి రాయి. 1660 మీద ఏ సెట్టింగ్‌లో ఎన్ని ఫ్రేములొచ్చాయో రాస్తే, నీలాంటి ఇంకో కుర్రాడి డబ్బు మిగులుతుంది.

యూట్యూబ్ గురించి నాకు ఒక్కటే అభిప్రాయం. టెక్నికల్ సంగతులకి డిజిటల్ ఫౌండ్రీ లాంటివాళ్లు ఫ్రేములు లెక్కపెట్టి మరీ చెప్తారు, వాళ్లని కళ్లు మూసుకుని నమ్ము. మన తెలుగు చానళ్లలో కూడా మామూలు పీసీ మీద, మన ఇంటర్నెట్ మీద, మన రూపాయల్లో ధర చెప్తూ ఆడి చూపించేవాళ్లున్నారు. ఆన్‌లైన్ గేమ్‌లో మన ఊరి నుంచి పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం, ఎంత వస్తుందో లండన్‌లో కూర్చున్నవాడు ఎలా చెప్తాడు? ఆ సంగతికి మనవాళ్లే దిక్కు. స్పాన్సర్డ్ అని రాసిన వీడియోని ప్రకటనగానే చూడు. ప్రతి గేమూ అయితే అద్భుతం లేకపోతే చెత్త అనేవాళ్ల దగ్గర నీకు పని లేదు.

రివ్యూ రాసిన మనిషి ఎక్కడివాడన్నది కూడా పట్టించుకోవాలి. 2023 జులైలో వచ్చిన 'వెన్బా' చూశావో లేదో. టొరంటోలోని చిన్న స్టూడియో చేసింది. కెనడాకి వెళ్లిపోయిన ఒక తమిళ కుటుంబం కథ, తల్లి దగ్గర చిరిగి మాసిపోయిన వంటల పుస్తకం, తెలియని భాగాన్ని మనమే ఊహించి వండాలి. అందులో మొదట ఇడ్లీ వేయాలి. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చితే అన్నింటికీ ఆవిరి తగులుతుందన్నది అక్కడి చిక్కు. బయటి దేశపు ఆటగాడికి అది ఆలోచించి విప్పాల్సిన పజిల్. నీకూ నాకూ అందులో చిక్కేముంది, పొద్దున్నే అమ్మ చేతులు ఆ రేకుల్ని ఎలా తిప్పి పెడతాయో చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఆ క్షణంలో మనకి కలిగేది గెలుపు కాదు, ఇంకేదో. ఎంత మంచి విమర్శకుడైనా తను పెరగని వంటింటి గురించి ఇది రాయలేడు. గంటన్నరలో అయిపోతుంది కాబట్టి డబ్బుకి తగదన్నవాళ్లూ ఉన్నారు. గంటకి ఎంత పడిందని గేమ్‌ని తూకం వేసే పద్ధతి నాకు నచ్చదు, అయినా ఏడాదికి రెండు మూడే కొనేవాళ్లకి ఆ లెక్క ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఆ గేమ్‌కి 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ గ్రాండ్ ప్రైజ్, తొలి గేమ్‌కిచ్చే బ్రిటన్ బాఫ్టా అవార్డు రెండూ వచ్చాయి. మనకి దగ్గరి గేమ్ అని దేన్నీ మోయక్కర్లేదు కూడా. పుణెవాళ్లు 2020లో చేసిన 'రాజీ' కంటికి పండగ, పోరాటం మాత్రం మొద్దుగా ఉంటుందని చాలామంది విమర్శకులు అన్నారు, నేనూ అదే అంటాను.

ఇప్పుడు నీ రెండు వాక్యాల దగ్గరికి వద్దాం. 'ఎల్డెన్ రింగ్'కి 96 వచ్చింది, దానికి ఆ మార్కు తగినదే. దాన్ని మెచ్చినవాళ్లు ఎందుకు మెచ్చారో చూడు: ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు, తేలిక చేసుకునే మీట లేదు, చస్తే చేతిలోని రూన్లు, అంటే ఆ గేమ్‌లో సంపాదించే సొమ్ము, చచ్చినచోటే పడిపోతాయి, మళ్లీ అక్కడిదాకా బతికి వెళ్తేనే దక్కుతాయి. ఆ భయం కోసమే వాళ్లు ఆడతారు. నీకు రోజంతా ఆఫీసులో ఆ టెన్షన్ సరిపోతుంది, ఇంటికొచ్చి మళ్లీ సంపాదించింది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. వాళ్లు పొగిడిన విషయమూ నువ్వు వదిలేసిన కారణమూ ఒక్కటే. అలాంటప్పుడు 96 చూడకుండా ఆ రివ్యూ లోపలి మాటలు చదివి ఉంటే నీకు ముందే తెలిసేది. ఇకనుంచి రివ్యూలో 'ప్రతి చావూ ఒక పాఠం' లాంటి పొగడ్త కనిపిస్తే పక్కకి తప్పుకో. 'మెనూల్లోనే గంటలు గడిచిపోయాయి' అని ఎవరైనా విసుక్కుంటే మాత్రం ఆగి చదువు, అది నీ గేమ్ అయ్యుండొచ్చు.

ఈ లెక్కన 'ఎక్స్‌పెడిషన్ 33' చూద్దాం. ఫ్రాన్స్‌లోని మాంపెల్యే నగరంలో ఉన్న శాండ్‌ఫాల్ అనే కొత్త స్టూడియో చేసింది, 2025 ఏప్రిల్ 24న వచ్చింది, డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది మేటి గేమ్ అయింది. ప్రతి ఏడూ ఒక చిత్రకారిణి లేచి రాతిస్తంభం మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసువాళ్లంతా పొగలా మాయమైపోతారు. ఈసారి అంకె 33. కథ, సంగీతం, నటన విమర్శకుల్లో ఎక్కువమంది పొగిడేవే, నేనూ వాళ్లతోనే. తప్పులు కూడా ఉన్నాయి. గుహల్లాంటి చోట్ల దారి చూపే మినీమ్యాప్ ఉండదు, ఎటొచ్చామో తెలియక తిరగాల్సి వస్తుంది. పోరాటం టర్న్‌ల ప్రకారమే, అంటే ఒకరి తర్వాత ఒకరి వంతు, అయినా శత్రువు కొట్టే క్షణానికి సరిగ్గా బటన్ నొక్కి కాచుకోవాలి, ఆ టైమింగ్ కుదరకపోతే గట్టిగానే దెబ్బలు తగులుతాయి. ఇదొక్కటే నీకు ఇబ్బంది కావచ్చు. అందుకే మొదట్లోనే 'స్టోరీ' డిఫికల్టీ పెట్టుకో, అందులో కాచుకోవడానికి ఎక్కువ సమయం ఇస్తారు, కావాలంటే తర్వాత మధ్యలో మార్చుకోవచ్చు. ఓడిపోతే 'ఎల్డెన్ రింగ్'లోలాగా సంపాదించుకున్నది నేల మీద వదిలిపెట్టి రావక్కర్లేదు.

నీకు నచ్చుతుందని నేను గట్టిగా అనుకోవడానికి కారణం అవార్డులు కావు, పిక్టోస్. అవి తొడుక్కునే నగల్లాంటివి, ఒక్కోదానికి ఒక్కో గుణం. ఒకటి పెట్టుకుని నాలుగు పోరాటాలు గెలిస్తే ఆ గుణం నీ సొంతమైపోతుంది, తర్వాత పాయింట్లు ఖర్చుపెట్టి ఎవరికి కావాలంటే వాళ్లకి తగిలించవచ్చు. ఏది దేనితో కలిస్తే దెబ్బ రెట్టింపవుతుందో లెక్కలేసుకుంటూ కూర్చోవడమే ఆ గేమ్‌లో సగం సరదా. ఓడలు కట్టే నీ చేతికి అది బాగా పడుతుంది.

కార్డు విషయానికొస్తే, స్టోర్ పేజీలో కనీసం అని రాసింది జీటీఎక్స్ 1060, నీది దానికి కాస్త పైన. తక్కువ సెట్టింగ్స్‌లో ఆడాల్సి ఉంటుంది, ముందు 1660 వీడియోలు ఒకటి రెండు చూసుకో. కొన్నాక స్టీమ్ నియమం గుర్తుపెట్టుకో: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితేనే డబ్బు వెనక్కి అడగొచ్చు. సెట్టింగ్స్ మార్చుకుంటూ గేమ్ తెరిచి ఉంచిన సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది, పోయినసారి అక్కడే దెబ్బతిన్నావు. కాబట్టి సెట్టింగ్స్ ఏం పెట్టాలో వీడియో చూసి ముందే కాగితం మీద రాసుకుని, అప్పుడు గేమ్ తెరువు. ల్యూమియేర్ పట్నంలో నడిచే మొదటి భాగం, ఆ తర్వాత తొలి పోరాటాలు ఆ రెండు గంటల్లో వచ్చేస్తాయి. బొమ్మ ఆగుతోందా, కాచుకోవడం కుదురుతోందా అన్నది అప్పటికే తెలుస్తుంది. కుదరకపోతే వెనక్కిచ్చెయ్, కుదిరితే ఏ పిక్టోస్ జత కట్టావో నాకు రాయి.